క్యూబన్ శాండ్‌విచ్‌లో ఆవకాయ

దోహాలో మంచి క్యూబన్ శాండ్‌విచ్ ఎక్కడ దొరుకుతుందని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ చోటు తెలుసు కాబట్టే మండుతుంది.

చమురు డబ్బుతో ఊరంతా క్రేన్లు లేచిన రోజులు. మేం ఐన్ ఖాలిద్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీ ఇంజనీరు. మీటింగని సిటీకి వెళ్ళిన రోజల్లా చొక్కా మీద పచ్చటి మరకతో వచ్చేవారు.

"ఏమిటండీ ఇది?"

"క్యూబన్ శాండ్‌విచ్. పికిలూ మస్టర్డూ చీజూ పెట్టి, బ్రెడ్డు అదిమి కాలుస్తారు."

పికిలంటే ఊరగాయ, మస్టర్డంటే ఆవాలు. అంటే ఆవకాయేగా! బ్రెడ్డులో ఆవకాయ పెట్టి కాల్చేవాళ్ళు ఈ ఎడారిలో ఉన్నారంటే నేనాగుతానా? తీసుకెళ్ళమని ప్రాణం తోడేశాను. ఎండన్నారు, పార్కింగ్ దొరకదన్నారు.

నా ఆరాటానికి కారణముంది. మాది గోదావరి ఒడ్డు. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టాను. మా అత్తవారిది ఉల్లిపాయకి కూడా ఆలోచించే ఇల్లు. ఇష్టపడి చేసుకున్నాం కదా అని పెళ్ళవగానే నీచు మానేశాను. పుట్టింట్లో అందరూ పులుసు కలుపుకుంటుంటే పప్పన్నం తిని లేచేదాన్ని. పోనీలే, ఇద్దరం ఒకే వంట తింటున్నాం కదా అని సరిపెట్టుకునేదాన్ని.

నా పుట్టినరోజున ఇక తప్పించుకోలేకపోయారు. కేఫ్‌లో ఆయన చేతులు కడుక్కోవడానికి లేవగానే ఫిలిపినో వెయిటర్ నవ్వుతూ వచ్చాడు.

"సార్‌కి ఎప్పటిలాగే డబుల్ టర్కీయేనా, మేడమ్?"

"టర్కీ ఏమిటి?"

"టర్కీ కోడి మేడమ్. అసలు పంది మాంసం పెట్టాలి. అది ఇక్కడ మాఫీ, దొరకదు కదా. అందుకే టర్కీ. సార్‌కి డబుల్ కావాలి."

ఆయన వచ్చేసరికి ప్లేటు బల్ల మీదుంది. ఆవకాయా లేదు, నా మొహమూ లేదు. పుల్లటి కీరా ముక్కల కింద మాంసం దొంతర్లు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"ఆఫీసువాళ్ళతో... అలా అలవాటైపోయింది."

"మరి నా చేపల పులుసో?"

"నిన్ను మానెయ్యమని నేనెప్పుడూ అనలేదే!"

నిజమే, అనలేదు. అన్నది వాళ్ళమ్మ. నేను సరేనన్నప్పుడు పక్కనే కూర్చుని, మురిసిపోతూ నా చెయ్యి నొక్కింది మాత్రం ఈ పెద్దమనిషే. ఇన్నేళ్ళూ నన్ను నిలువునా మోసం చేశాడు. కోడి ముక్క తిన్నందుకు కాదు, నేను మానేయడం చూస్తూ తిన్నందుకు కడుపు మండింది.

ప్లేటు లాక్కుని కసిగా ఓ పెద్ద ముక్క కొరికాను. నీచు వాసనకి ఎంత నమిలినా గొంతు దిగలేదు. టిష్యూలో ఉమ్మేసి, కళ్ళు తుడుచుకున్నాను.

"నీకు పడదులే, వదిలెయ్," అంటూ ఆయన ప్లేటు తన వైపు జరుపుకుని తినడం మొదలుపెట్టారు.