బాయి పోతది

ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఏళ్ళయింది. మింగుడుపడదు, బయటికి రాదు. రెండక్షరాలే. బాయి. మా తెలంగాణ ఇళ్ళలో బావిని అలాగే అంటాం. నేనుండే సూరత్‌లో మాత్రం బాయీ అంటే ఆడమనిషి. ఈ తేడా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియక జరిగిందని ఎవరితోనైనా అంటానేమో గానీ, మీతో అనను.

కరోనా రెండో విడత అది. హైవేను వెడల్పు చేసే ముందు దాని పక్కనున్న నీళ్ళకు, చెట్లకు, మనుషులకు ఏం నష్టమో రాసి సర్కారుకివ్వాలి. ఆ సర్వే చేసే ఒక చిన్న కంపెనీలో నేను చేరాను. తెలుగువాళ్ళు చెప్పింది హిందీలో చెప్పడం, ఫారం నింపడం నా పని. మా నాన్న సాంచెల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద, ఒళ్ళు అరగదీసుకుని నన్ను చదివించాడు. ఇంట్లో నేర్చిన తెలుగుకు జీతం దొరికింది ఆ ఒక్క ఉద్యోగంలోనే.

సూరత్ పక్కన కడోదరా దాటాక రోడ్డు వారన రేకుల గదుల వరస, చాలి అంటారు. నలభై ఇళ్ళు, అంతా సాంచెలు నడిపే మావైపువాళ్ళే. మా ఇంజనీరు గుజరాతీ. జబ్బు భయంతో ఆయన కారు దిగలేదు. అద్దం నాలుగు వేళ్ళంత దించి అడిగేవాడు. నేను గడప బయట నిలబడి జవాబులు అరిచి చెప్పేవాణ్ణి.

మొదటి గదిలో లచ్చవ్వ, ఆమె కోడలు పద్మ. నీళ్ళ సంగతి అడగ్గానే లచ్చవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ముందుకొచ్చింది.

“జర రాసుకో బిడ్డా. రోడ్డు పెద్దగయితే మా బాయి పోతది. గా బాయి పోతే నీళ్ళకు మేం యాడికి పోవాలె?”

ఆ మాటల్లో బాయి ఒక్కటే చెవిన పడి, కారులోంచి ఇంజనీరు అడిగాడు. “కౌన్‌సీ బాయీ?” ఏ ఆడమనిషి అని. అడిగి, నవ్వాడు.

నేనూ నవ్వాను.

“ఘర్ కీ బాయీ, సాబ్. గావ్ జా రహీ హై.”

ఇంటి ఆడమనిషి ఊరికి పోతోందట, అన్నాను. అప్పుడందరూ మూటలు కట్టుకుని ఊళ్ళకే పోతున్నారు. ఆయనకు అనుమానం రాలేదు. నీటి వనరుల గడిలో ‘లేవు’ అని రాశాను. గదుల వెనక రేకు మూత వేసిన బావి, దాని మీద తడి చేంతాడు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

ఎందుకు చేశాను? బావి ఉందని రాస్తే నీళ్ళు పరీక్షకు తీయాలి, కొలతలు తీయాలి, ఆ ఇరుకు గదుల మధ్యకు ఇంకో రెండుసార్లు రావాలి. నాకు చావు భయం పట్టుకుంది. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే, ఎందుకంటే ఆ రోజుల్లో భయపడనివాడెవడు, భయమంటే ఎవరైనా క్షమిస్తారు. కానీ భయం కంటే ముందు వచ్చింది నవ్వు. ఆయన నవ్వితే మా మాట నాకు మోటుగా వినిపించింది. అది బావి అని సర్దిచెప్పడానికి సిగ్గేసింది. సిగ్గుకు క్షమాపణ ఎలా అడుగుతారు?

కరోనా తగ్గాక రోడ్డు వచ్చింది. బావిని మట్టితో పూడ్చారు. కాగితంలో లేని బావికి బదులు ఇంకోటి ఎవరు తవ్విస్తారు? కుళాయి రోడ్డుకు అవతల ఉంది. పద్మ రోజూ బిందె నెత్తిన పెట్టుకుని ఆ రోడ్డు దాటేది. ఒక పొద్దున లారీ గుద్దింది. ఇంటి బాయీ పోతోందని నేను చెప్పాను. పోయింది.

కబురు తెలిసి దినాలకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. తిడతారని ఆశపడ్డానేమో. లచ్చవ్వ నన్ను గుర్తుపట్టి, పీట వేసి, చాయ్ ఇచ్చింది.

“నువ్వయితే రాసుకున్నవ్ బిడ్డా. పైనోళ్ళే ఇనలే.”

చాయ్ తాగాను. ఆ నీళ్ళు ఎవరు మోసుకొచ్చారో అడగలేదు.

నిజం చెబితే ముసలామె గుండె ఇంకా పగులుతుందని సాకు వెతుక్కున్నాను. అదీ అబద్ధమే. ఆమె చూపులో నేను మంచివాడిగా మిగలాలనుకున్నాను, అంతే. ఆ ఉద్యోగం మానేశాను, దానివల్ల ఎవరికీ చుక్క నీళ్ళు రాలేదు. ఈ కాగితం మీద రాస్తుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది. ఇంతకంటే అడిగే ముఖం నాకు లేదు.

ఆ గడిలో రాయాల్సింది ఇది. చాలి వెనక, రేకు మూత కింద, నలభై ఇళ్ళు తాగే బాయి ఉంది.

నేను రాసుకోలేదు, అవ్వా.