నానబెట్టిన ఆకు

మొన్న ఆదివారం తెల్లవారకముందే మా మేనమామ పోయాడు. సిద్దిపేటలో మా బీడీ కార్ఖానా సంఘం పెట్టిన ఇద్దరిలో ఆయన ఒకడు. రెండోవాడు మా బాపు. ఇద్దరిదీ ఒకే సంఘం, ఒకే ఇల్లులాంటి బతుకు. సమ్మె మాట వస్తే మాత్రం ఉత్తర దక్షిణాలు. ఇప్పుడు మళ్లీ సమ్మె ముంగిట ఉన్నాం. మామ జాగాలో నన్ను నిలబెట్టారు. ఎవరి దారిన పోవాలో నాకు తోచడం లేదు.

ఈ పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. తునికాకును ముందురోజు సాయంత్రమే నానబెట్టి తడి గోనెలో చుడతాం. తెల్లారి కత్తిరించి బీడీలు చుట్టాలి. వదిలేస్తే బూజు పడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మొదటి సమ్మెకు బాపు అందరినీ ఉన్నపళంగా లేపాడు. "ఆకు ఖరాబు కానీ. గప్పుడే సేటు దిగొస్తడు," అన్నాడు. కార్ఖానా సేటు నిజంగానే తొందరగా దిగొచ్చాడు. కానీ ఆకు పాడుచేశారని ఫిర్యాదు ఇచ్చి ఇద్దరు ఆడవాళ్లను ఠాణా ఎక్కించాడు. వాళ్లను మళ్లీ పనిలోకి రానివ్వలేదు.

తర్వాతి సమ్మె మామ నడిపించాడు. నానిన ఆకంతా చుట్టి, చాటలు దులిపి పెట్టాకే బయటికి రమ్మన్నాడు.

"పని బందు పెడుదం బావా. ఆకునెందుకు ఖరాబు చేసుడు? నింద మన మీద పడుతది."

బాపుకు ఒళ్లు మండింది. "సేటుకు సరుకు నింపిచ్చి పోతరా? గిదేం సమ్మె?"

ఆ సమ్మె నెలల తరబడి సాగింది. జొన్న గటకకు కూడా గతిలేక పస్తులున్నాం. అడిగినదాంట్లో సగమే దక్కింది. కానీ ఒక్కరి పనీ పోలేదు.

మరి ఏది గెలుపు? మామనే అడిగాను. ఆకు ఎంత నానిందో చెంపకు ఆనించి చూసుకోవడం ఆయన అలవాటు. ఆకు అట్లాగే పట్టుకుని, "నాకూ సమజైతలేదు బిడ్డా. మీ బాపును అడుగు," అన్నాడు. బాపును అడిగితే, "మీ మామనే అడుగు పో," అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. తనకు తెలియదని ఒప్పుకున్న పెద్దమనుషుల్లో నేను మామనొక్కణ్ణే చూశాను. అందుకు ఆయనకు మనసులో మొక్కుకుంటాను.

ఆదివారం దహనం అయ్యాక మామ ఇంటికొచ్చి చూస్తే, ఆయన పీట మీద బాపు కూర్చుని ఉన్నాడు. ముందర చాట, కత్తెర, శనివారం సాయంత్రం మామ చివరిసారి నానబెట్టిన ఆకు.

"గిప్పుడెందుకు బాపూ?" అన్నాను.

"బూజు పడుతది," అన్నాడు.

గోనెలోంచి ఒక ఆకు తీసి చెంపకు ఆనించుకున్నాడు. చాలాసేపటిదాకా తీయలేదు.