చాప మీద ఖాళీ చోటు

పోర్టులో సరుకు దించే పనిలో సత్యం, నేను పద్నాలుగేళ్లు ఒకే జట్టు. బావా అంటే బావా అనుకునేవాళ్లం, ఒకే బీడీ చెరో సగం కాల్చేవాళ్లం. ఆదివారం వన్ టౌన్‌లో మా చర్చికి వెళితే మాత్రం నేను ముందు బెంచీ, అతను వెనక చాప. వాళ్ల తాత పాకీపని చేసేవాడు మరి. నెలకోసారి ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నాడు గిన్నె ఒక్కటే. బెంచీలవాళ్లు తాగాక చివర్లో చాపల దగ్గరికి వెళ్లేది. బీడీకి లేని ఎంగిలి గిన్నెకెలా వచ్చిందో నన్నడక్కండి. అప్పట్లో నేనూ అడగలేదు.

డెబ్భై నాలుగులో ఎలమంచిలి నుంచి దీవెనమ్మ అనే బోధకురాలు మా చర్చి ప్రార్థన కూటాలకు వచ్చింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఓడ కూత. ఆదివారం బల్ల ముందు నిలబడి మొహమాటం లేకుండా అనేసింది.

"పక్కనోడు తాగినాక తాగలేనోలు ఈ గిన్ని ముట్టకండి. మనసు తెరిసినోలు లెగిసి సాప కాడికెల్లండి."

నిజమే చెబుతోందని తెలుసు. లేచాను కూడా. వెనక్కి తిరిగితే సత్యం పక్కకు జరిగి, నాకోసం చేత్తో చాప దులుపుతున్నాడు. అంతలో సంఘపెద్ద దయానందం, అంటే మా మామగారు, నావైపు చూశారు. నేను దగ్గొచ్చినట్టు నటించి బయటికి నడిచాను. అంతటితో ఊరుకున్నానా? ఆవిణ్ని మళ్లీ పిలవకూడదని పెద్దలు రాసిన కాగితం మీద సంతకం కూడా గిలికాను, సిగ్గులేనివాణ్ని.

సోమవారం సత్యం మామూలుగానే బీడీ సగం కాల్చి ఇచ్చాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత బల్ల వచ్చిన ప్రతిసారీ అతని పక్కన ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉండేది. వచ్చే నెల వెళదాంలే అనుకున్నాను. అలా పదకొండేళ్లు గడిచాయి.

ఎనభై ఐదులో సత్యం గుండెజబ్బుతో ఆస్పత్రిలో పడ్డాడు. పాస్టరుగారు గిన్నె తీసుకుని వెళుతుంటే నేనూ వెంటపడ్డాను. ఈసారి అతను తాగాకే నేను తాగాలని ఒట్టు పెట్టుకున్నాను. ముందు సత్యానికే ఇవ్వమని పాస్టరుగారికి చెప్పాను. సత్యం గిన్నె అందుకుని, తాగకుండా నావైపే చాపాడు.

"ముందు నువ్వు తాగీ బావ. నాను తాగితే నువ్వు తాగలేవు గదా."

అందులో వెటకారం లేదు. నా మేలు కోరే అన్నాడు. అదే నన్ను చంపింది. నీ తర్వాతే తాగుతానని బతిమాలాను, ఏడ్చాను. వినలేదు. అతని చేతులు అలిసిపోయి గిన్నె ఒలికేలా ఉంది. ఆ నాలుగు చుక్కలూ అతనికి దక్కకుండా పోతాయేమోనని భయపడి, నేనే ముందు తాగాను. మిగిలింది అతను తాగాడు.

బుధవారం పోయాడు.

ఇప్పుడు నేను చాప మీదే కూర్చుంటున్నాను. పక్కన ఓ మనిషి పట్టేంత చోటు వదులుతాను. ఎవరొస్తారని?