ఫోటోలు తియ్యని సంస్థ

నేను ఏడో తరగతి దాకా చదివానని చెప్పుకుంటాను. నిజానికి చదివింది మా సారు. నేను విన్నాను, అదీ ఎక్కువగా బడి గోడ అవతల గోలీలాడుతూ విన్నాను. ఒకసారి హాజరు పిలుస్తూ సారు నా పేరు దగ్గర ఆగి, "వీడు మన బళ్లోనే ఉన్నడా?" అని అడిగాడట. పిల్లల్లో సగం మంది ఉన్నాడన్నారట, సగం మంది లేడన్నారట. ఆ సందేహం తీరకముందే నేను అమ్మానాన్నల వెంట పాలమూరులో బస్సెక్కి హైదరాబాదులో దిగిపోయాను.

ఇప్పుడు గోడలకు రంగులేస్తాను. అశోక్‌నగర్ హాస్టళ్లలోనే నాకు పని ఎక్కువ. సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు గది గోడల మీద నదుల పేర్లు, రాజుల పేర్లు రాసుకుంటారు. వాళ్లు ఖాళీ చేయగానే ఓనరు నన్ను పిలుస్తాడు. నేను చదువుకుంటూ చెరిపేస్తాను. నా జనరల్ నాలెడ్జి మొత్తం రెండు కోటింగుల కింద భద్రంగా ఉంది.

రంగులేసేవాడికి అనుమానం చేతివేళ్లలోనే ఉంటుంది. గోడ ఎంత తళతళలాడుతుంటే అంత గట్టిగా నొక్కి చూస్తాను, చెమ్మ ఎక్కడ దాచారో అని. మనుషుల్ని కూడా అట్లాగే నొక్కుతాను. అందుకే నిరుడు బళ్లు తెరిచే రోజుల్లో పిల్లల సంస్థ ఒకటి చిక్కడపల్లిలో గాజుల దుకాణం మీది అంతస్తు కిరాయికి తీసుకుని, మా బస్తీ పిల్లలకు సాయంత్రం చదువు, ఆట, కంప్యూటరు, గుగ్గిళ్లు అన్నీ ఉచితం అన్నప్పుడు నా వేళ్లు దురద పెట్టాయి.

మా బస్తీ లోయర్ ట్యాంక్ బండ్ వైపు దిగే పల్లంలో ఉంటుంది. దానాలు మాకు కొత్త కాదు. చలికి దుప్పట్లు వస్తాయి, వానకు గొడుగులు వస్తాయి, ఎన్నికలకు అన్నీ వస్తాయి. దానానికో పద్ధతి కూడా ఉంది. సందు మొదట్లో కారు ఆగగానే ఎవరో ఒకరు "ఫోటోలోల్లొచ్చిండ్రు" అని కేకేస్తారు. అంతే, ఇంటింటా మంచి బట్టలు పెట్టెలోకి పోతాయి, చిరుగులు పట్టినవి ఒంటి మీదికి వస్తాయి. పిల్లల జుట్టు కూడా కొంచెం చెరుపుతారు. మోసం కాదు, వచ్చినవాళ్లు వచ్చిన పని సాఫీగా జరగాలి కదా. ఆ చిరుగుల వేషాన్ని నేను యూనిఫాం అనేవాణ్ణి.

ఒకసారి దుప్పటి ఇస్తుండగా కెమెరా ఆగిపోయింది. ఒక కొస దాత చేతిలో, ఇంకో కొస మా ఆవిడ చేతిలో, బ్యాటరీ మార్చేదాకా ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు. మా పెళ్లిలో కొంగుముడి కూడా అంతసేపు లేదు.

ఈ సంస్థవాళ్లు మాత్రం ఒక్క ఫోటో తియ్యలేదు. మొదటిసారి వచ్చినప్పుడు బస్తీ అంతా యూనిఫాంలో సిద్ధంగా నిలబడితే, నెరిసిన జుట్టు మేడం ఒకావిడ చేతులూపుకుంటూ వచ్చి, పిల్లలతో కూర్చుని మాట్లాడి, చేతులూపుకుంటూ వెళ్లిపోయింది. ఫోటో తీసుకునేవాడు ఏం పట్టుకుపోతున్నాడో కళ్లకు కనిపిస్తుంది. తియ్యనివాడు ఏం పట్టుకుపోతాడో ఎవరికి తెలుసు?

నా బిడ్డ అప్పుడు పదో తరగతి. తోటి పిల్లలతో పాటు తానూ ఆ సెంటర్‌లో చేరింది. వారం తిరగకుండా ఆ మేడం మా ఇంటికి వచ్చింది. ఆధార్ అడుగుతుందేమో, రేషన్ కార్డు అడుగుతుందేమో అని అన్నీ మంచం మీద పేర్చాను. వాటి వంక చూడలేదు.

"అన్నా, మీ అమ్మాయి దేనికి బాగా నవ్వుతది?" అని అడిగింది.

కార్డులడిగేవాళ్లంటే నాకు భయం లేదు, అలవాటే. ఈ ప్రశ్న మాత్రం ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

"నన్ను జూస్తే నవ్వుతది మేడం," అన్నాను.

"అది అందరికీ వస్తది అన్నా, ఇంకోటి చెప్పండి," అంది.

ఆవిడ పోయాక మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ వంటింట్లో రొట్టెలు చేస్తుంది. నోరు, పెనం ఎప్పుడూ వేడిగానే ఉంటాయి. "నీకు సరైన మనిషి దొరికింది," అంది.

"నవ్వకు. వాళ్లకేం లాభం లేనిదే గింత జేస్తరా? మతం మారుస్తరో, ఇంకేం జేస్తరో."

"మరి పిల్లను ఏం జేస్తవ్?"

"జూస్త. తేడా కొడితే తీసేస్త."

తీసేసి ఏం చేయాలో కూడా సిద్ధంగా ఉంది. నారాయణగూడలో మా అక్క బ్లౌజులు కుట్టే దుకాణం పెట్టుకుంది. పది కాగానే పిల్లను తన దగ్గరికి తోలెయ్యమని ఎప్పటినుంచో చెబుతోంది. కళ్లముందు కనిపించే కుట్టుమిషను ఒకవైపు, గాజుల దుకాణం మీద ఏం జరుగుతుందో తెలియని అంతస్తు ఒకవైపు. పిల్ల మాత్రం ఇంటర్ చదువుతానని, సెంటర్ మాననని అంటుంది. ఆ ఏడాదంతా మా ఇంట్లో నడిచిన పంచాయితీ ఇదే. అన్నంలో ఉప్పు తక్కువైనా నేను "సెంటర్ బందు" అనేవాణ్ణి.

ఒక సాయంత్రం గోడలు చూసే సాకుతో మెట్లెక్కాను. "రంగు రాలుతుందని మా బిడ్డ చెప్పింది మేడం, ఊరికే జూసిపోత," అన్నాను. రంగు బాగానే ఉంది. ఒక మూల బడి మానేసిన కుర్రాళ్లకు ఒకతను ఇంటర్వ్యూలో ఎట్లా కూర్చోవాలో నేర్పుతున్నాడు. పోయినేడాది దాకా ఎవరితోనూ మాట్లాడని మా పక్కింటి పిల్ల క్యారమ్స్ దగ్గర అందర్నీ తిడుతోంది. కిటికీ పక్కన ఒకడు ఏడుస్తుంటే ఒకామె దగ్గర కూర్చుంది. ఎందుకేడుస్తున్నావని అడగడం లేదు, ఊరికే కూర్చుంది. నేను గోడలన్నీ నొక్కాను, ఎక్కడా చెమ్మ తగల్లేదు. అనుమానం ఇంకా పెరిగింది. ఎక్కడా చెమ్మ లేని గోడ హైదరాబాదులో నేనింతవరకు చూడలేదు.

దసరాకు మతం మారుస్తారనుకున్నాను, బతుకమ్మ ఆడించారు. సంక్రాంతికి పిల్లల్ని ఎక్కడికో తీసుకుపోతారనుకున్నాను, విద్యానగర్ గ్రౌండుకు తీసుకుపోయి బంతాట ఆడించి మట్టికొట్టుకుపోయిన వాళ్లను మట్టితోనే తిప్పి పంపారు. పిల్ల పదో తరగతి పరీక్షలు రాసింది. ఎండాకాలం వచ్చింది. ఏడాది పూర్తయిందని, నారాయణగూడలో హాలు తీసుకున్నామని, డబ్బులిచ్చే దాతలు కూడా వస్తారని కబురొచ్చింది.

"ఇగ బయటపడతది," అన్నాను. "ఏడాదంతా ఫోటోలు తియ్యంది ఇందుకే. అన్నీ ఒక్కరోజే తీస్తరు. పిల్లల్ని స్టేజీ ఎక్కించి ఏడిపిస్తరు. నా బిడ్డను బిచారీ లెక్క నిలబెడితే ఆడికెల్లే అక్క దుకాణంకు తోల్కపోత."

బస్తీలో నా మాటకు కొంచెం విలువ ఉంది, జోకులకు ఇంకొంచెం. "దాతలొస్తున్నరు, యూనిఫాం మర్చిపోకుండ్రి," అని నేనంటే కొన్ని ఇళ్లవాళ్లు నమ్మి చిరుగుబట్టలు తీశారు. నేను పని మీద వేసుకునే చొక్కా వేసుకున్నాను. దాని మీద అశోక్‌నగర్ హాస్టళ్ల రంగులన్నీ ఉన్నాయి. బిడ్డ మాత్రం దసరాకు కొన్న లంగా ఓణీ కట్టింది. నన్నొకసారి కిందినుంచి పైదాకా చూసి, నాకంటే పది అడుగులు ముందు నడిచింది.

హాల్లోకి అడుగుపెట్టగానే నాకు విషయం అర్థమైంది. విద్యానగర్ నుంచి వచ్చినవాళ్లు, మిగతా బస్తీలవాళ్లు అందరూ పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. పూలు, పట్టుచీరలు. మధ్యలో మా బస్తీ వాళ్లం కొందరం ఇల్లు కాలి వచ్చినవాళ్లలా నిలబడ్డాం. నా మాట నమ్మిన ఆడవాళ్లు నన్ను చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. అంతలో నిర్వాహకుల్లో ఒకాయన నా చొక్కా చూసి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, స్టేజీకి రంగేసుడు అయిపోయిందా? జర ఆ కుర్చీలు కూడా పక్కకు జరుపు."

జరిపాను. పని బాగా చేస్తున్నానని ఇంకొన్ని చూపించాడు. అవీ జరిపి, చివర్న మా ఆవిడ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను.

దాతల్ని జంపఖానా మీద కింద కూర్చోబెట్టారు. పిల్లలు స్టేజీ మీద వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. మేడం మైకు తీసుకుని, మా దగ్గర ఏడాదికోసారి పిల్లలే దాతల్ని ప్రశ్నలడుగుతారు, దాతలు జవాబు చెప్పి తీరాలి అంది. ఇదేం పద్ధతో నాకు అంతుపట్టలేదు. మొదటి పిల్లాడు చిన్నప్పుడు మీకు లెక్కలొచ్చేవా అని అడిగాడు. ఇంకో పిల్ల మీ పనిమనిషి పిల్లలు ఏం చదువుతున్నారని అడిగింది. ఆ దాత నీళ్లు తాగి జవాబు చెప్పింది. అప్పుడు మైకు నా బిడ్డ చేతికి వచ్చింది. ముందు వరసలో బషీర్‌బాగ్‌లో దుకాణాలున్న పెద్దాయన ఒకాయన కాళ్లు నొప్పెట్టి అటూ ఇటూ కదులుతున్నాడు. ఈ సెంటర్ ఖర్చులో పెద్ద భాగం ఆయనదేనని మేడం అంతకుముందే చెప్పింది. బిడ్డ ఆయన వైపు తిరిగింది.

"సార్, మీకేం లాభం?"

మాట నాదే. ఆ సాగదీత నాదే, చివర్న తల పక్కకు వంచడం కూడా నాదే. ఏడాదంతా మా ఇంట్లో అన్నం తింటూ నేనన్న మాటను అన్నంతో సహా తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన లేచి వెళ్లిపోతే? రేపటినుంచి ఈ పిల్లను రానివ్వొద్దంటే? నేను గోడ వదిలి ముందుకు నడిచాను. పిల్ల తెలియక అన్నది, తప్పు నాది సార్ అని చెప్పడానికే నడిచాను. మా ఆవిడ నా చొక్కా వెనకనుంచి పట్టుకుని లాగింది.

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లాభం ఉందమ్మా," అన్నాడు. "టాక్స్ తగ్గుతది. అబద్ధం ఎందుకు. పేరు కూడా వస్తది."

"పేరు కావాలంటే ఫోటోలు తీసుకోవచ్చు గద సార్. ఎందుకు తియ్యరు?"

"ఈ మేడం తియ్యనియ్యదు." ఆయన మేడం వైపు చూపించాడు. "నేను రెండు మూడు సార్లు అడిగిన. పిల్లలే వచ్చి మా ఫోటో తీయండి అని అడిగినప్పుడే తియ్యాలె అన్నది. మీరు అడగరు. నేనేం జెయ్యాలె?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వాడు. బిడ్డ నవ్వలేదు. అదీ నా దగ్గరే నేర్చింది, జోకు వేశాక నవ్వకూడదని. "థ్యాంక్యూ సార్" అని మైకు పక్క పిల్లకు ఇచ్చింది.

నా అనుమానంలో సగం నిజమేనని తేలింది. లాభం ఉంది. అది ఆయన నోటినుంచే వచ్చింది. అయినా చిత్రంగా ఊపిరి తేలికైంది. ఇదిగో ఇక్కడ చెమ్మ ఉంది అని ఓనరే చూపించిన గోడ దగ్గర నాకెప్పుడూ భయం ఉండదు. మిగతా సగం మాత్రం నేనింకా నమ్మలేదు, ఆ సగం నాకు వదిలెయ్యండి.

బయటికి వచ్చేటప్పుడు మేడం ఎదురొచ్చి, ఇంటర్‌కు కాలేజీ చూస్తున్నామని, మీరేమంటారని అడిగింది. "జూస్తం మేడం," అన్నాను. అలవాటైన మాట, దానంతటదే వచ్చింది.

చిక్కడపల్లి వైపు ముగ్గురం నడిచాం. దారిలో అక్క దుకాణం వచ్చింది. షట్టరు సగం దించి ఉంది. నేను అటు చూడలేదు, చూడకుండానే దాటాను. కొంచెం దూరం పోయాక బిడ్డను కసిరాను.

"గంత పెద్ద మనిషిని గట్ల అడుగుతరా? నాకైతే గుండె ఆగినంత పనైంది. ఆయనకు కోపమొచ్చి నిన్ను సెంటర్‌లకెల్లి తీసేస్తే ఏం గావాలె?"

బిడ్డ ఆగి నా వైపు తిరిగింది.

"వాళ్లు తీసేస్తరేమోనని గింత భయపడేటోనివి, ఏడాది సంది నువ్వెందుకు తీసేస్త అంటున్నవ్ నాయినా?"