మూడు సైట్లలో ఒక్క సైదులు

2011 ఎండాకాలంలో మిర్యాలగూడలోని మా ఇంటర్నెట్ సెంటర్‌కు ఆ వార్త మొదట తెచ్చింది పక్క షాపు ఫోటోగ్రాఫర్ యాదగిరి. "అక్కా, గులాబి సైటు పని ఖతం. అందరు నీలం దాంట్లకు పోతున్నరు" అన్నాడు. స్నేహితులతో కబుర్లాడుకునే ఆ సైట్లను మా దగ్గర పేర్లతో కాక రంగులతోనే పిలిచేవారు. నాకు వెంటనే సైదమ్మ గుర్తొచ్చింది.

నేను బడికి వెళ్ళలేదు. నాన్నే ఇంట్లో చదువూ టైపింగూ నేర్పారు. ఆయన పోయాక ఆ విద్యే నాకు అన్నం పెట్టింది. రోజూ దేవుడికి దండం పెట్టుకునే షట్టర్ ఎత్తేదాన్ని. చదువు రానివాళ్ళ అకౌంట్లు నేనే నడిపేదాన్ని. లాగిన్ అయి, అంటే వాళ్ళ పేరు మీద లోపలికి వెళ్ళి, వచ్చిన కబుర్లు చదివి వినిపించి, వాళ్ళు చెప్పింది టైపు చేయడం. ఊరందరి పలకరింపులూ నా చేతుల మీదుగా పోయేవి. నాకంటూ రాసేవాళ్ళు ఎవరూ లేరు.

సైదమ్మది వేములపల్లి దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. ఆమె తమ్ముడు సైదులు, గొర్రెలమ్మి ఆటో కొనిమ్మని తండ్రితో పోట్లాడి ఇల్లు విడిచాడు. తర్వాత గులాబి సైటులో దొరికాడు. ఎక్కడున్నాడో చెప్పడు, నంబరు ఇవ్వడు. ఎప్పుడైనా "అక్కా, మంచిగున్నవా" అని ఒక్క ముక్క. దానికోసమే ఆమె షేర్ ఆటోలో వచ్చేది. ఆ ఎండాకాలం ఆ ముక్క కూడా ఆగిపోయింది.

"వాడు గూడ నీలం దాంట్లకు పోయిండేమో చెల్లె. గాడ నాకో ఖాత తెరువు. ఇంకో కొత్తది వచ్చిందంట గద, అండ్ల గూడ."

అలా ఆమెకు మూడు ఖాతాలయ్యాయి. కానీ సైదులు అని వెతికితే స్క్రీన్ నిండిపోయింది. మా వైపు సైదుల దర్గాకు మొక్కుకున్నాక పుట్టిన పిల్లలకు, హిందువుల ఇళ్ళలోనూ, ఆ పేరే పెడతారు. ముఖం చూసి పోల్చుకుందామంటే అందరూ సినిమా హీరోల బొమ్మలే పెట్టుకున్నారు. సైదమ్మేమో ఆడవాళ్ళ ఫోటో పెట్టకూడదని, ఇంట్లోని పొట్టేలు ఫోటో పెట్టించింది.

"అక్కా, పొట్టేలు రిక్వెస్ట్ పంపితే ఎవరు ఒప్పుకుంటరు?" అన్నాను.

"దాన్ని సాదింది వాడే. సూస్తె గుర్తువడ్తడు."

కనబడ్డ సైదులందరికీ ఒకటే ప్రశ్న పంపాం: ఈ పొట్టేలు పేరేంది? ఒకడు "బిర్యానీ" అని రాశాడు. ఆమె నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మావోడు గిట్లనడు."

కొన్ని నెలలకు నీలం సైటులో ఒక జవాబు వచ్చింది. చదివి వినిపించాను. "పేరు తెల్వదక్కా. నేను నీ తమ్మున్ని గాను. సూర్యాపేటల లారీల కాడ పంజేస్త. నన్నెవలు ఎతుకుతలేరు. జర అప్పుడప్పుడు నన్ను గూడ మంచిగున్నవా అని అడుగుతవా?"

సైదమ్మ కుర్చీ నా పక్కకు జరుపుకుంది.

"రాయి చెల్లె" అంది. "తిన్నవా అని అడుగు."

ఆనాటి నుంచి వచ్చినప్పుడల్లా ముందు గులాబి సైటు తెరిపించేది. ఏమీ ఉండేది కాదు. తర్వాత కొత్తది, అక్కడా ఏమీ లేదు. ఆఖరికి నీలం. అక్కడ సూర్యాపేట సైదులు, తిన్నదీ తిననిదీ చెప్పేవాడు.

2014లో గులాబి సైటు మూతపడుతుందని నోటీసు పెట్టారు. ఆమెకు చెప్పాను.

"మరి మావోడు మల్ల గీడికే వస్తె?" అంది. ఆమె చెప్పిన ఆఖరి మాట అందులో టైపు చేశాను: "తమ్మీ, నేను నీలం దాంట్ల ఉన్న. రా."

అతను రాలేదు. తన వాణ్ణి వెతుక్కునే మనిషికి పరాయివాడి ఆకలి అడిగే తీరిక కూడా ఉంటుందని నాకు ఆమె వల్లే తెలిసింది. ఆ తర్వాత నేనూ, టైపు చేయించుకుని లేచేవాళ్ళను తిన్నారా అని అడగడం మొదలుపెట్టాను. కొందరు తిరిగి నన్నూ అడిగారు. అంతటి మేలు చేసిన దేవుడికి దండం.

సైదులు అనే పేరు మీకు ఎక్కడ వినబడినా, మా సైదమ్మను ఒక్కసారి తలచుకోండి.