శ్రావణ శనివారం, గుప్పెడు శెనగలు

గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్లు దిగి వానలో నడిచి వస్తున్నప్పుడు బండి మీద నల్లటి ఇసుకలో శెనగలు వేపుతున్న వాసన తగిలితే, నా కడుపులో ఆకలి పుట్టదు, కోపం పుడుతుంది. నలభై ఏళ్లుగా ఇంతే. జపమాల చేతిలో ఉన్నా ఆ కోపం పోలేదు. పోగొట్టమని నేను దేవుణ్ణి అడగనూ లేదు.

ఎనభైలలో కామాటిపురలో అద్దె గదుల వరుసలున్న మా చాల్‌కి శ్రావణం వచ్చిందంటే మెట్ల మీద తడిసిన గోనెపట్టాల వాసన, వరండా పొడవునా ఆరని బట్టలు, కింద రేకుల దుకాణంలో సుత్తి చప్పుడు, మొదటి అంతస్తు గదిలో భజన మండలి హార్మోనియం, శనివారం పొద్దు గూకాక ఇంటింటి నుంచీ పులిహోర తాలింపు, బెల్లం పాయసం. ఆ ఘుమఘుమల దాకా పొద్దంతా ఒక్కపొద్దే. పిల్లలం కూడా నీళ్లు తప్ప ఏమీ ముట్టేవాళ్లం కాదు. ఎవరికి ముందు కళ్లు తిరుగుతాయో చూద్దామని పందేలు వేసుకునేవాళ్లం.

మండలికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. పదమూడేళ్లకే నేను అందులో కుడివైపు ఆడేవాణ్ణి. మా కోచ్ బాలయ్య మేస్త్రి. పాలమూరు నుంచి వచ్చి స్లాబు పనులు చేయించే మనిషి, వయసులో ఉన్నప్పుడు ఏదో మిల్లు జట్టుకు ఆడాడట. మాకు పాస్ ఇవ్వడం గమేలాలతో, అంటే సిమెంటు తట్టలతో నేర్పాడు. స్లాబు పోసేటప్పుడు కాంక్రీటు నిండిన ఇనుప గమేలా చేతులు మారుతూ పైకి పోవాలి గాని ఎవరి దగ్గరా ఆగకూడదు. అందుకని మమ్మల్ని చాల్ మెట్ల మీద వరుసగా నిలబెట్టి, తడి ఇసుక నింపిన గమేలాలు కింది నుంచి పైకి అందించమనేవాడు. ఎవడైనా కాస్త ఆపితే, “ఏం రా, దాన్ని లగ్గం చేసుకుంటవా? ఇడువు,” అని వెక్కిరించేవాడు.

ఆ ఏడు వానకాలం టోర్నమెంటులో మా మ్యాచులన్నీ శనివారం సాయంత్రాలే పడ్డాయి. మొదటి సగం మాదే పైచేయి. రెండో సగానికి కాళ్లు బురదలో దిగబడేవి, కళ్ల ముందు చుక్కలు తిరిగేవి. వరుసగా నాలుగు ఓడాం. కుళాయి దగ్గరా, మంగలి దుకాణంలోనూ ఒకటే మాట: మేస్త్రిని ఉంచాలా, తీసెయ్యాలా? మండలి పెద్ద ఈరన్న తాత తాళాలు పట్టి నామం ఎత్తుకుంటే మా ఒళ్లు పులకరించేది. నాకు శ్లోకాలన్నీ నేర్పింది ఆయనే. మేస్త్రికి భక్తి చాలదు గనుకే గెలుపు లేదన్నాడాయన. ఆడే పదకొండు మందినీ శనివారాలు తిననివ్వమని మేస్త్రి అడిగితే, అదిగో చూశారా అన్నాడు. చివరికి అయిదో మ్యాచు గెలిస్తే ఉంచుదాం, ఓడితే పంపేద్దాం అని పెద్దలు తేల్చారు.

ఆ శనివారం మైదానం పక్కన వానకు కట్టిన తాటిపత్రి కింద మేస్త్రి కాక తువ్వాల విప్పాడు. వేడి శెనగలు, బెల్లం ముక్కలు.

“తినుండ్రి బిడ్డా. పాపమైతే నా నెత్తి మీద ఏసుకుంట.”

ఏడుగురు ముట్టలేదు. నలుగురం తిన్నాం. రెండో సగంలో ఆ నలుగురమే పరుగెత్తాం. బంతి నా దగ్గర ఆగలేదు, మా నలుగురిలో ఎవరి దగ్గరా ఆగలేదు. రెండు ఒకటితో గెలిచాం. మేస్త్రి కాక వానలో చెప్పులు వదిలేసి మైదానమంతా గంతులేశాడు.

మా మండలిలో ఒక ఆచారం. శనివారం భజన అయ్యాక, పని అప్పగించేటప్పుడు మేస్త్రికి ఇచ్చినట్టే, జట్టు నడిపేవాడి చేతిలో తమలపాకులు, వక్కలు, కొబ్బరి చిప్ప పెడతారు. తీసేశామని ఎవరూ నోటితో అనరు. ఆకులు వేరొకరి చేతికి పోతాయి, అంతే. ఆ రాత్రి మేస్త్రి కాక తల దువ్వుకుని భజన గదికి వచ్చి, ముందుకు వెళ్లి రెండు చేతులూ చాచాడు. తాత ఆకులు తీసి, నా వైపు తిరిగాడు.

“దేవుని ముంగట చెప్పు బిడ్డా. ఇయ్యాల ఏమన్న తిన్నవా?”

అబద్ధం ఆడకూడదని నేర్పింది ఆ గదే.

“తిన్న తాతా. మేస్త్రి కాక పెట్టిండు.” తర్వాత, “గెలిచినం గద తాతా,” అన్నాను.

“ఎంగిలి గెలుపు దేవునికొద్దు.”

నిజం చెప్పినందుకు నలుగురి ముందు నా తల నిమిరాడు. నిమిరిన ఆ చేత్తోనే ఆకులు తీసుకెళ్లి, బంతి ఎన్నడూ తన్నని తన అల్లుడి చేతిలో పెట్టాడు. మేస్త్రి కాక చేతులు ఇంకా చాచే ఉన్నాయి. సిమెంటు తిని పగిలిన అరచేతులు. వాటిని మెల్లగా దగ్గరికి తెచ్చి దేవుడికి దండం పెట్టి, మెట్లు దిగిపోయాడు. మరుసటి శనివారం పదకొండు మందిమీ నిష్ఠగా పస్తుండి ఆరు గోల్స్ తేడాతో ఓడాం. అప్పుడు మాత్రం ఎవరి భక్తి చాలలేదో తాత చెప్పలేదు.

అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదన్న భగవంతుడి మాట నాకు కంఠస్థం చేయించింది ఆ ఈరన్న తాతే. ఆ గదిలో అది నా నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. తిన్నానని చెప్పాను. తినబట్టే పరుగెత్తగలిగానని చెప్పలేదు. పసివాళ్ల కాళ్లు ఆకలికి వణికితే ఆ వణుకును భక్తి అన్నవాళ్ల మీద ఎంత మండిపడతానో, ఆ సగం నిజం మీదా అంతే మండిపడతాను.

ఇప్పుడా చాల్ లేదు, దాని చోట రేకుల కంచె. మండలి లేదు, హార్మోనియం ఎవరు పట్టుకుపోయారో తెలియదు. గమేలాలు మోసే మనుషుల వరుసల బదులు పైపుల్లో కాంక్రీటు పైకెక్కుతోంది. మేస్త్రి కాక ఊరికి వెళ్లిపోయాడన్నారు. మళ్లీ ఎవరూ చూడలేదు. నేను మాత్రం శ్రావణ శనివారాలు ఇప్పటికీ ఒక్కపొద్దు ఉంటాను.

మొన్న శనివారం వేడి శెనగల పొట్లం కొని దేవుడి ముందు పెట్టాను. హారతి కూడా ఇవ్వకుండా తీసుకుని కిందికి దిగి, బంతి చంకన పెట్టుకుని ఆటకు పోతున్న మా అన్న మనవణ్ణి ఆపి దోసిట్లో పోశాను. ఇవాళ ఉపవాసం కదా అని వాడు హిందీలో అడిగాడు.

“తిని పో బిడ్డా,” అన్నాను. “పాపమైతే నా నెత్తి మీద ఏసుకుంట.”