రాగి బిందె లేని ఇల్లు

మొన్న హిందూపురంలో మా అన్న కొడుకు పెళ్ళికి పోయి వచ్చాము. భోజనాలయ్యాక తాంబూలంతో పాటు తలా ఒక సంచి చేతికిచ్చారు. టెంకాయ, ఆకూవక్కతో సరిపెట్టే రోజులు ఎప్పుడో పోయాయి గదా, ఇప్పుడు ఏదో ఒక వస్తువు పెట్టకపోతే పెళ్ళి చేసినట్టే కాదు. ధర్మవరం వచ్చి, కాళ్ళు కడుక్కుని, తీరిగ్గా ఆ సంచి విప్పితే లోపల తళతళలాడుతూ రాగి సీసా. ఈ మధ్య అందరూ రాగి సీసాల్లో నీళ్ళు తాగుతున్నారని తెలుసుగానీ, అది మా అన్న ఇంటి నుంచి మా ఇంటికి వస్తుందని మాత్రం నేను అనుకోలేదు. దాన్ని గడప లోపలికి తేలేక బయట అరుగు మీద పెట్టి, అక్కడే కూలబడ్డాను.

మాది మగ్గం ఇల్లు. మా ఆయన నాకు సొంత మేనమామ, మా అమ్మకు తమ్ముడు. కాబట్టి నాకు అత్తగారంటే ఎవరో కాదు, మా అమ్మను కన్న అవ్వే. పరిగి నుంచి ధర్మవరానికి కాపురానికి వచ్చినప్పుడు నేను ఏడవలేదు, చిన్నప్పటి నుంచి సెలవులకు వచ్చే ఇంటికే వస్తుంటే ఏడుపెట్లా వస్తుంది? పిల్ల పరాయి ఇంట్లో కష్టపడే పనేముందని ఈ పెళ్ళి పట్టుబట్టి చేసింది కూడా అవ్వే. మా ఈడు వాళ్ళకు ఇదంతా విడమరచి చెప్పనక్కరలేదు, అప్పట్లో అందరి ఇళ్ళలోనూ ఇదే వరస.

అవ్వకు ఒక రాగి బిందె ఉండేది. దాన్ని చింతపండుతో తోమి, సాయంత్రమే నీళ్ళు నింపి, తెల్లవారగానే ఇంట్లో అందరికీ తలా ఒక చెంబు పోసేది. ఆ నీళ్ళు తాగనిదే కాఫీ లేదు. మా ఒక్కగానొక్క కూతురికి నడక రాకముందే ఆ నీళ్ళు అలవాటయ్యాయి.

బిడ్డ జబ్బును మొదట కనిపెట్టింది మా ఆయన. పట్టు నూలు రంగు సరిచూడాలంటే దీపం కింద చూడకూడదు, వాకిట్లోకి తెచ్చి పగటి వెలుతురులో చూడాలి, లేకపోతే ఒళ్ళంతా ఒక రంగు, కొంగు ఇంకో రంగు పడి చీర పాడవుతుంది. అట్లా ఒక పొద్దున పసుపు నూలు చేతబట్టుకుని గడపలో నిలబడితే, బిడ్డ వచ్చి పక్కన నిలబడిందట. అప్పటికి అది మూడో తరగతి. ఆయన నూలు చూసి, బిడ్డ మొహం చూసి, నన్ను కేకేశాడు.

"ఇట్ల రా, బిడ్డ కండ్లు చూడు. రంగు తేడాగా ఉండాది."

కామెర్లే అనుకున్నాము. తాడిమర్రి పక్క పల్లెలో పసరు పోస్తారంటే తీసుకుపోయాము, ఉప్పు లేకుండా పథ్యం పెట్టాము. కడుపు చల్లబడాలని అవ్వ ఒక చెంబుకు రెండు చెంబుల నీళ్ళు తాగించింది, ఒంటికి బలం రావాలని చెనిక్కాయలు ఉడకబెట్టి పెట్టింది. పచ్చదనం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. తర్వాత కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది. ఊళ్ళో డాక్టరు పొట్ట తట్టి చూసి, బెంగళూరుకు తీసుకుపొమ్మన్నాడు.

బెంగళూరు ఆస్పత్రిలో ఒక గది ముందు నుంచి ఇంకో గది ముందుకు జరుగుతూ కూర్చోవడమే పనైంది. మా ఆయనకు కన్నడం రాదు. కర్ణాటక సరిహద్దున పరిగిలో పుట్టిన నాకు తెలుగెంతో కన్నడమూ అంతే, అందుకే డాక్టరు ఏది చెప్పినా నాకే చెప్పేవాడు. చివరికి ఒకరోజు మీరిద్దరూ ఏమవుతారని అడిగాడు. మా మేనమామనే చేసుకున్నానని గర్వంగానే చెప్పాను. ఆయన తలూపి, కాగితం మీద బొమ్మ గీసి, నిదానంగా వివరించాడు. తిండిలోంచి వచ్చే రాగిని బయటికి పంపే శక్తి బిడ్డకు పుట్టుకతోనే లేదట, అదంతా లివరులో పేరుకుపోయి దాన్ని తినేస్తూ ఉందట. ఆ లోపం మా ఇద్దరిలోనూ సగం సగం దాక్కుని ఉందట, ఒకే రక్తం కావడంతో రెండు సగాలూ బిడ్డలో కలిశాయట. రాగి పాత్రల్లో నీళ్ళు, రాగి ఎక్కువుండే చెనిక్కాయల్లాంటి తిండి ఇవ్వకూడదు. బతికినన్నాళ్ళూ మందు ఆపకూడదు, ఆపితే ప్రాణానికే ప్రమాదం. ఇంకో బిడ్డను కన్నా ఇదే రావచ్చు.

తిరుగు రైల్లో బిడ్డ నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. ఎదురుగా మా ఆయన. మందుల సంగతి చెప్పాను, తిండి సంగతి చెప్పాను, ఆ బొమ్మ సంగతి మాత్రం నోట రాలేదు. ఆయన కూడా అడగలేదు. హిందూపురంలో సగం పెట్టె ఖాళీ అయింది, చెప్పలేదు. పెనుకొండ కొండ కనిపించినప్పుడు చెబుదామనుకున్నాను, కొండ వెనక్కి పోయింది. అంత అలసట నేను మళ్ళీ ఎప్పుడూ ఎరగను, నోరు తెరవడానికి కూడా ఓపిక లేని అలసట అది. ధర్మవరం దగ్గర పడుతుండగా చెప్పేశాను. ఆయన బిడ్డ పాదం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"అట్లయితే మనమిద్దరమే ఇచ్చినామా ఇది బిడ్డకు," అన్నాడు.

ఇంట్లో రాగి ఉండకూడదని మాత్రమే అవ్వకు చెప్పాము. ఆమె బిందె, చెంబులు, పూజ గదిలో ఉద్ధరిణితో సహా బజారులో అమ్మేసి స్టీలు సామాను తెచ్చింది. ఆ తర్వాత తిండి మానేసింది. నా నీళ్ళే బిడ్డను తినేసినాయని కనబడినవాళ్ళందరితో చెప్పుకుని ఏడ్చేది. నీళ్ళ వల్ల కాదని చెప్పాలంటే పెళ్ళి సంగతి చెప్పాలి. ఒక భారం దింపడానికి అంతకంటే పెద్ద భారం ఎత్తాలి. కొన్నాళ్ళు చూసి, ఆమె చిక్కిపోతుంటే తట్టుకోలేక మా ఆయనే నోరు విప్పాడు.

"నీ నీళ్ళు కాదమ్మా. మా ఇద్దరి రక్తంలోనే ఉండాదంట."

అవ్వ ఆయన వైపు తిరిగింది. "ఆ పెండ్లి చేసింది నేనే గదరా," అన్నది. ఆ తర్వాత ఏడవలేదు. మరుసటి పొద్దుటి నుంచి పరగడుపు మాత్ర ఆమె చేతికే పోయింది. మాత్ర వేశాక గంట వరకూ ఏమీ పెట్టకూడదు, ఆకలని బిడ్డ గునిసేది, ఆ గంటసేపూ అవ్వ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మా అమ్మ చిన్నప్పటి అల్లరి చెబుతుండేది. నేను వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడే కునుకు తీసేదాన్ని. నెలనెలా బెంగళూరు, మళ్ళీ రక్త పరీక్ష, మళ్ళీ నిరీక్షణ, ఇంటికొస్తే సగంలో ఆగిన చీర. ఏళ్ళు అట్లాగే నడిచాయి. పొద్దున్నే వాకిట్లో నిలబెట్టి బిడ్డ కళ్ళు చూడటం మాత్రం మా ఆయన ఒక్కరోజూ మానలేదు.

మా బంధువులంతా మంచివాళ్ళు, అది చెప్పుకోవాలి. మేము పరిగికి పోతున్నామంటే చాలు, ఆటో దిగకముందే మా అన్న తమ ఇంటి రాగి బిందెను అటక మీదికి ఎక్కించేవాడు. మా వదిన చెనిక్కాయలు లేకుండా పుట్నాలతోనే చట్నీ నూరేది. ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

బిడ్డ తట్టుకుంది. చదువుకుంది. పెళ్ళీడు వచ్చాక అన్న తనే వచ్చి, కొడుక్కు చేసుకుంటానని అడిగాడు. మందులు మింగే పిల్లను బయటివాళ్ళు ఎవరు చేసుకుంటారు, మన బిడ్డను మనమే చూసుకుందామన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా నోరు సరేననబోతుంటే, మంచం మీదున్న అవ్వ లేచి కూర్చుంది.

"వద్దప్పా. నేనొకసారి ఇట్లే ప్రేమతోనే చేసినా. నీ కొడుకులో గూడా అది దాక్కుని ఉంటే, పుట్టే బిడ్డ గతేంది? నేను బతికుండగా ఇంకొకటి కానీను."

అన్నకు అది అవమానంగా తోచింది. పిల్లవాడికి పరీక్ష చేయించి చూద్దామని మా ఆయన అన్న మాట ఇంకా నొప్పించింది. రాకపోకలు తగ్గాయి, ఆ తర్వాత పండగకు ఒక ఫోను, ఇప్పుడు పెళ్ళికొక కార్డు. అవ్వ పోయేటప్పుడు నోట్లో నీళ్ళు పోయడానికి ఎవరో రాగి పంచపాత్ర తెస్తే, చేయి అడ్డం పెట్టి, మా బిడ్డ తాగే స్టీలు గ్లాసుతో పోయించుకుంది. పోతూ పోతూ కూడా ఆ ఇంట్లోకి రాగి రానివ్వలేదు.

మా అమ్మాయి ఇప్పుడు పెనుకొండలో టీచరు. తోటి టీచరునే చేసుకుంది, జబ్బు సంగతి అతనికి ముందే తనే చెప్పింది. శనివారం వచ్చి అరుగు మీది సీసా చూసి, చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"పరిగి మామకు చెప్పొద్దులేమ్మా. మర్చిపోయినాడని తెలిస్తే బాధపడతాడు," అంది.

ఇప్పుడు మా వాళ్ళలో మేనరికాలు తగ్గిపోయాయి. మంచిదే, అవ్వ అన్నది సరైన మాటే, ఆ మాట మీద నాకే సందేహమూ లేదు. కానీ ఒకరి ఇంట్లో బిడ్డ ఏం తినకూడదో అందరి ఇళ్ళకూ తెలిసిన ఆ రోజులు కూడా వాటితోనే పోయాయి. జబ్బు తెచ్చింది ఆ దగ్గరితనమే, దాన్ని నాతో పాటు మోసిందీ ఆ దగ్గరితనమే, ఇందులో దేన్ని తిట్టుకోవాలో ఈ వయసులో కూడా నాకు తెలియడం లేదు. సీసా ఇంకా అరుగు మీదే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా, మా ఆటో చప్పుడు వినగానే బిందె ఎత్తుకుని అటక వైపు పరుగెత్తే మా అన్నే కళ్ళ ముందు కదులుతున్నాడు.